గుండె మాత్రలు పడటం లేదా? మందుల షాపు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మా ఆయనా నేనూ మందుల షాపు నడపబట్టి 22 ఏళ్ళు. ఫార్మసీ చదివింది నేను కాబట్టి చీటీ చూసి మందిచ్చేదీ, ఎలా వేసుకోవాలో చెప్పేదీ నేనే. జలదంకి, కలిగిరి, కొండాపురం, వింజమూరు వైపు నుంచి, ఇటు ఉలవపాడు, సింగరాయకొండ నుంచి కూడా మా దగ్గరికి వస్తారు. వాళ్ళ గుండె డాక్టరు నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటారు, కొందరికి చెన్నైలో. స్టంట్ వేయించుకుని ఊరికొచ్చాక, మాత్ర వేసుకుంటే ఏదో తేడాగా ఉందని చెప్పుకోవడానికి దగ్గర్లో దొరికేది మేమే. ఇన్నేళ్ళుగా మళ్ళీ మళ్ళీ విన్న ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మీ ఒంటి సంగతి మీ డాక్టరుకే పూర్తిగా తెలుసు. మోతాదు పెంచాలన్నా, తగ్గించాలన్నా, మార్చాలన్నా ఆయనే చెప్పాలి. ఆయన్ని ఏం అడగాలో, ఎంత తొందరగా అడగాలో తెలియడానికి ఇది.

ఈ మాత్రలు నాకు పడట్లేదమ్మా. నాలుగు రోజులు ఆపి చూస్తే ఏమవుతుంది?

అన్నిటికంటే ఎక్కువగా వినే ప్రశ్న ఇదే, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేదీ ఇదే.

మా మామగారికి స్టంట్ వేసిన మూడో నెలలో చేతుల మీద కమిలిన మచ్చలు వచ్చాయి. రక్తం మరీ పల్చబడిపోయిందని ఎవరో అన్నారట. క్లోపిడోగ్రెల్ మానేశారు. ఇంట్లో మందుల షాపు ఉండి కూడా మాకెవరికీ చెప్పలేదు, కోడలిని ఇబ్బంది పెట్టడం ఎందుకని. పదకొండో రోజు తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది. స్టంటులో రక్తం గడ్డ కట్టింది. నెల్లూరు చేర్చగలిగాం, బతికారు, కానీ గుండె కండరం కొంత దెబ్బతినిపోయింది. అంతకు ముందు పొలం గట్ల మీద రెండు మైళ్ళు నడిచే మనిషి, ఇప్పుడు వీధి చివరిదాకా పోతే ఆయాసపడుతున్నారు. ఆ మచ్చల గురించి ఒక్క మాట నాకు చెప్పి ఉంటే, అవి ఈ మాత్రలతో మామూలేనని చెప్పేదాన్ని.

అందుకే చెబుతున్నా. మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకూడనివి మూడు రకాలు. స్టంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వంటివి ఒకటి. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, అటెనొలాల్, కార్వెడిలాల్ వంటి బీటా బ్లాకర్లు రెండోది. వీటిని ఒక్కసారిగా ఆపితే ఇన్నాళ్ళు అణిగి ఉన్న గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి. ఛాతీ నొప్పి రావచ్చు, గుండెపోటే రావచ్చు. ఆపాల్సివస్తే డాక్టరు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మూడోది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రామ్, వార్ఫరిన్ వంటివి. కవాటం మార్చినవాళ్ళు ఇవి ఆపితే ఆ కవాటం మీదే గడ్డ కట్టొచ్చు.

మిగతా మాత్రలు ఆపితే అంత వెంటనే ముప్పు కనబడదు. అయినా అడగకుండా ఆపొద్దు. ఒక మాత్ర పడకపోతే అదే పని చేసే ఇంకో మాత్ర దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఓర్చుకోవడం, మానేయడం ఈ రెండే దారులని మనవాళ్ళు అనుకుంటారు. మార్పించుకోవడం అనే దారి ఉందని చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ఎలాంటి లక్షణం వస్తే డాక్టరు ఫోను కోసం కూడా చూడకూడదు?

పెదవులు, నాలుక, ముఖం ఉబ్బడం, గొంతు మూసుకుపోతున్నట్టు ఉండడం. నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి. కళ్ళు బైర్లు కమ్మి పడిపోవడం. నోరు వంకర పోవడం, మాట తడబడడం, ఒక చెయ్యి పట్టు తప్పడం. తలకు దెబ్బ తగలడం, అదీ రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళకు, పైకి గాయం కనబడకపోయినా సరే. ఒళ్ళంతా విపరీతమైన నొప్పితో పాటు మూత్రం టీ డికాషను రంగులో రావడం. చెమటలు పడుతూ ఛాతీలో బరువు, ఆయాసం.

వీటిలో ఏది వచ్చినా 108 కి ఫోను చేయండి. ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీకి చూపిద్దాం, ఒక ఇంజెక్షను చేయిద్దాం అని ఆగొద్దు. మాత్రల సంచి మొత్తం వెంట తీసుకుపోండి.

బీపీ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి పొడి దగ్గు. సిరప్పు తాగినా పోవట్లేదు.

మీ చీటీలో రామిప్రిల్, ఎనలాప్రిల్, పెరిండోప్రిల్, ఇలా చివర ‘ప్రిల్’ అని ఉందేమో చూడండి. ఉంటే దగ్గుకు అదే కారణం కావచ్చు. గొంతులో గరగర, కళ్ళె పడదు, రాత్రి పడుకుంటే ఎక్కువ. మాత్ర మొదలైన వారానికీ రావచ్చు, ఆరు నెలలకీ రావచ్చు. అందుకే చాలామందికి మాత్ర మీద అనుమానమే రాదు. బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని ఊపిరితిత్తుల్లో విరగ్గొట్టే ఎంజైమును ఈ మాత్ర అడ్డుకుంటుంది. ఆ పదార్థం పేరుకుని దగ్గు తెప్పిస్తుంది. దగ్గు సిరప్పు ఎన్ని సీసాలు తాగినా తగ్గదు.

కలిగిరి నుంచి వచ్చే ఒక పెద్దామె ఐదు నెలలు సిరప్పులు తాగింది, రెండుసార్లు ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంది. చీటీ చూసి డాక్టరుకు ఫోను చేయిస్తే ఒక్క మాటతో మాత్ర మార్చారు. మూడు వారాల్లో దగ్గు పోయింది. మాత్ర మార్చాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా కొంచెం ఎక్కువ. బదులుగా చాలావరకు టెల్మిసార్టన్, లొసార్టన్ వంటివి ఇస్తారు. వాటితో ఈ దగ్గు అరుదు.

రెండు మాటలు గుర్తుంచుకోండి. దగ్గుతో పాటు పడుకుంటే ఆయాసం వస్తుంటే, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటుంటే అది మాత్ర దగ్గు కాకపోవచ్చు, గుండెలో నీరు చేరుతుండొచ్చు. ఆ రోజే చూపించుకోవాలి. ఇక ఈ ‘ప్రిల్’ మాత్రకు ఒకసారి పెదవులో నాలుకో ఉబ్బితే జన్మలో మళ్ళీ ఆ రకం వేసుకోకూడదు. ఆ సంగతి మందుల చీటీ మీద ఎర్ర సిరాతో రాయించుకోండి. గర్భం దాల్చే వయసు ఆడపిల్లలకు ఈ ‘ప్రిల్’లూ, ‘సార్టన్’లూ, అసిట్రామూ ప్రమాదమే. పెళ్ళి కుదిరినప్పుడే డాక్టరుకు చెప్పాలి.

ఎమ్లోడిపిన్ వేసుకుంటే సాయంత్రానికి చీలమండలు బూరెల్లా ఉబ్బుతున్నాయి. నీళ్ళ మాత్ర ఇస్తారా?

మూత్రం ఎక్కువగా పోయించి ఒంట్లో నీరు తగ్గించే ఆ మాత్ర ఇవ్వమని మీరు అడగొద్దు. ఈ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు. ఎమ్లోడిపిన్ అనే ఈ బీపీ మాత్ర సన్న ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. అటు నుంచి వచ్చే రక్తం ఎక్కువ, ఇటు పోయే దారి ఇరుకు. దాంతో నీరు చుట్టూ కండలోకి ఊరుతుంది. నీళ్ళ మాత్ర వేస్తే ఒంట్లో ఉండాల్సిన నీరు పోతుంది గానీ ఆ వాపు పెద్దగా తగ్గదు. 5 మిల్లీగ్రాముల కంటే 10 మిల్లీగ్రాముల మోతాదుతో ఈ ఇబ్బంది ఎక్కువ. మోతాదు తగ్గించడం, టెల్మిసార్టన్ వంటిది జతచేయడం, సిల్నిడిపిన్‌కు మార్చడం డాక్టరు చేతిలో ఉన్న దారులు. ఈలోగా కూర్చున్నప్పుడు కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోండి.

అన్ని వాపులూ ఇదే అనుకోవద్దు. వాపు మోకాళ్ళ దాకా ఎక్కుతుంటే, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తుంటే గుండె నీరసించి నీరు నిలుస్తుండొచ్చు. ఒక కాలే ఉబ్బి, పిక్క నొప్పిగా వెచ్చగా ఉంటే అది సిరలో గడ్డ కావచ్చు. గుండె బలహీనంగా ఉన్న ప్రతి ఇంట్లో బరువు చూసుకునే మిషను ఒకటి ఉండాలని నేను గట్టిగా చెబుతాను. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండరు మీద రాసుకోండి.

కొలెస్టరాల్ మాత్రకు ఒళ్ళు నొప్పులు వస్తాయంట కదా? నాకూ వస్తున్నాయి.

వస్తాయి, కొందరికి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పి సాధారణంగా రెండు తొడల్లో, రెండు పిక్కల్లో, రెండు భుజాల్లో సమానంగా ఉంటుంది. మాత్ర మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన తొలి నెలల్లో వస్తుంది. ఒక మోకాలు మాత్రమే నొప్పి పెడితే అది మోకాలి అరుగుదల కావచ్చు, స్టాటిన్ మీద నెట్టకండి.

లండన్‌లో చేసి 2020లో వెల్లడించిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. ఇబ్బందుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూశారు. అసలు మాత్రతో పడ్డ బాధలో 90 శాతం ఉత్తి మాత్రతోనూ పడ్డారు. నొప్పి అబద్ధం అని దీని అర్థం కాదు. నొప్పి నిజమే, దాన్ని తెచ్చింది చాలాసార్లు మాత్ర మీద ముందే పడిన భయం. ఆ సంగతి తెలిశాక వాళ్ళలో సగం మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు. ఫోన్లలో తిరిగే ‘స్టాటిన్ విషం’ వీడియోలు చూసి వచ్చేవాళ్ళకు నేనీ సంగతి నెమ్మదిగా కూర్చోబెట్టి చెబుతుంటాను.

ఏం చేయాలంటే, నొప్పి ఎప్పుడు మొదలైందో రాసుకుని డాక్టరుకు చెప్పండి. కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీపీకే అనే రక్తపరీక్ష రాస్తారు. థైరాయిడ్ కూడా చూస్తారు, ఎందుకంటే థైరాయిడ్ తక్కువగా ఉంటే ఈ నొప్పులు ఎక్కువ. తర్వాత కొన్నాళ్ళు ఆపించి మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టవచ్చు, వేరే స్టాటిన్‌కు మార్చవచ్చు, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్టరాల్ మందు జత చేయవచ్చు. గొంతు నొప్పికో దగ్గుకో క్లారిత్రోమైసిన్ రాస్తే మాత్రం, స్టాటిన్ వేసుకుంటున్నామని చెప్పి తీరాలి. ఆ యాంటీబయాటిక్ స్టాటిన్‌ను ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. పంపర పనస కూడా అటోర్వాస్టాటిన్‌తో మంచిది కాదు. మన బత్తాయికి, గూడూరు నిమ్మకాయకు ఆ ఇబ్బంది లేదు.

మోకాళ్ళ నొప్పులు బాగా ఎక్కువ. నొప్పి బిళ్ళ ఇవ్వండి, గుండె మాత్రలతో పాటే వేసుకుంటా.

ఇవ్వను. దీనికి కోపం తెచ్చుకుని వేరే షాపుకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు, అయినా ఇవ్వను.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి బిళ్ళలు ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. బీపీ పెరుగుతుంది, గుండె బలహీనంగా ఉంటే ఆయాసం తిరగబెడుతుంది. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో పుండుపడి రక్తం పోతుంది. అన్నిటికంటే ముఖ్యం మూత్రపిండాలు. రామిప్రిల్ లేదా టెల్మిసార్టన్, నీళ్ళ మాత్ర, నొప్పి బిళ్ళ, ఈ మూడూ ఒకేసారి ఒంట్లో పడితే మూత్రపిండం వడకట్టడానికి కావలసిన రక్తపు ఒత్తిడి మూడు వైపుల నుంచీ పడిపోతుంది. ఎండాకాలంలో నాలుగు రోజులు చాలు క్రియాటినిన్ (మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) పెరగడానికి.

మన ప్రాంతంలో ఇది మరీ ఎందుకు పట్టించుకోవాలంటే, కనిగిరి వైపు, ఆ మెట్ట ప్రాంతమంతా నీళ్ళలో ఫ్లోరైడ్. నలభై దాటకుండానే నడుములు పట్టేసినవాళ్ళు, వెన్ను వంగిపోయినవాళ్ళు ఉన్నారు. నొప్పి వాళ్ళకు రోజూ ఉండేదే. పనికి పోవాలంటే నొప్పి బిళ్ళ మింగాలి, లేకపోతే ఇంజెక్షను. వాళ్ళకే గుండె జబ్బు కూడా వస్తే, నొప్పి ఓర్చుకోండి అని చెప్పడం న్యాయం కాదు. అందుకే ఇలా అడగమంటాను: “నాకు గుండె మాత్రలున్నాయి, నొప్పికి ఏది వేసుకోవచ్చు?” పారాసెటమాల్ చాలావరకు సురక్షితం, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో. పైన రాసుకునే పూత, కాపడం, ఫిజియోథెరపీ ఉన్నాయి. సూది చేయించుకుంటుంటే అందులో ఏముందో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఒళ్ళు మీది.

చిగుళ్ళ నుంచి రక్తం, చేతుల మీద మచ్చలు. రక్తం మరీ పల్చబడిందా?

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ నిజానికి రక్తాన్ని నీళ్ళలా పల్చబరచవు. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తాయి. ఆ మాట ‘పల్చబడడం’గా స్థిరపడిపోయి జనాన్ని అనవసరంగా బెదరగొడుతోంది. చిన్న చిన్న మచ్చలు, బ్రష్ చేసేటప్పుడు కొంచెం రక్తం, గడ్డం గీసుకుంటే ఎక్కువసేపు కారడం, ఇవి మామూలు. మెత్తటి బ్రష్ వాడండి. ముక్కు నుంచి కారితే తల ముందుకు వంచి ముక్కు మెత్తని భాగాన్ని 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రి.

కడుపులో మంట ఉంటే ఓర్చుకోవద్దు, చెప్పండి. అన్నం తిన్నాక వేసుకోండి, గ్యాస్ బిళ్ళ రాస్తారు. క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళకు పాంటొప్రజోల్ మేలు. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తాయి, కాబట్టి షాపులో ‘ఏదో ఒక గ్యాస్ బిళ్ళ’ అని కొనొద్దు. ఎకోస్ప్రిన్ లాంటి పూత ఉన్న ఆస్పిరిన్‌ను రోజూ వేసుకునేటప్పుడు నలగ్గొట్టకూడదు. పూత ఉన్నది కడుపుకోసమే.

పన్ను పీకించుకోవాలంటే ముందుగానే మాత్ర మానేసి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. చాలా సందర్భాల్లో ఆపక్కర్లేదు, దూది నొక్కిపెడితే రక్తం ఆగుతుంది. స్టంట్ వేసి ఏడాది కాకపోతే దంతాల డాక్టరు మీ గుండె డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా. టికాగ్రెలార్ వేసుకునే కొందరికి ఊపిరి అందనట్టు ఉంటుంది. అది మాత్ర వల్లే కావచ్చు, గుండె వల్లా కావచ్చు. తేల్చాల్సింది డాక్టరే.

అసిట్రామ్ వేసుకుంటే గోంగూర మానేయాలా?

అక్కర్లేదు. గోంగూర, పాలకూర, మునగాకు, తోటకూర వంటి ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది అసిట్రామ్‌కు ఎదురు పని చేస్తుంది. ప్రతివారం ఎంత తింటున్నారో అంతే తింటే డాక్టరు దానికి తగ్గట్టే మోతాదు కుదురుస్తారు. నెలంతా మానేసి, ఆ తర్వాత వారమంతా ఆకుకూరే తింటే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష లెక్క) అటూ ఇటూ ఊగుతుంది. ఐఎన్‌ఆర్ సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలంటారు, కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళలో కొందరికి ఇంకాస్త పైన. మీ లెక్క ఎంతో చీటీ మీద రాయించుకోండి.

ఆకుకూర కంటే నాకు భయం యాంటీబయాటిక్స్ అంటే. విరేచనాలకు మెట్రోనిడజోల్ కొనుక్కుని మింగితే ఐఎన్‌ఆర్ అమాంతం పెరిగి రక్తస్రావం కావచ్చు. ఏ కొత్త మందు మొదలుపెట్టినా కొన్ని రోజుల్లోనే ఐఎన్‌ఆర్ చూపించుకోవాలి.

మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఎండాకాలంలో మరీ.

లేచేటప్పుడు ముందు కూర్చోండి, కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు ఆడించండి, గోడ పట్టుకుని లేవండి. మగవాళ్ళు రాత్రిపూట కూర్చునే మూత్రం పోసుకోవడం మంచిది. అన్ని బీపీ మాత్రలూ పొద్దున ఒకేసారి మింగుతుంటే వాటిని పొద్దున, రాత్రి విడదీయొచ్చేమో అడగండి. చాలామందికి అదొక్కటే సరిపోతుంది. బీపీ చూపించుకునేటప్పుడు కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి చూడమనండి.

రోహిణి కార్తెలో మన దగ్గర ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. జనవరిలో సరిపోయిన మోతాదు మే నెలలో ఎక్కువ కావచ్చు. చెమటతో నీరూ ఉప్పూ పోతాయి, పైన నీళ్ళ మాత్ర ఇంకా తోడుతుంది. ఏప్రిల్‌లో ఒకసారి డాక్టరును కలిసి ఎండాకాలపు మోతాదు అడగమని నేను అందరికీ చెబుతాను. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే ఫోను చేసి నీళ్ళ మాత్ర, రామిప్రిల్ లేదా టెల్మిసార్టన్, డాపాగ్లిఫ్లోజిన్ (షుగరుకూ గుండెకూ ఇచ్చే మాత్ర) ఆపాలా అని అడగండి. తగ్గేదాకా వాటిని ఆపమనే చాలాసార్లు చెబుతారు. మామూలుగా ఆపకూడదని ఇంత చెప్పిన నేనే ఇక్కడ అడిగి ఆపమంటున్నాను, తేడా గమనించండి.

నీళ్ళ మాత్ర వేసుకుంటే బస్సెక్కలేకపోతున్నాను.

ఫ్రుసెమైడ్ గంటలో మొదలై దాదాపు ఆరు గంటలు పనిచేస్తుంది. నెల్లూరు ప్రయాణం ఉన్న రోజు పొద్దున వేసుకునే మాత్రను, చేరాక మధ్యాహ్నం వేసుకోవచ్చా అని డాక్టరును ఒకసారి అడిగి పెట్టుకోండి. చాలామందికి ఒప్పుకుంటారు. సాయంత్రం నాలుగు దాటాక వేసుకుంటే రాత్రి నిద్ర ఉండదు, చీకట్లో లేచి పడతారు. పిక్కలు పట్టేస్తుంటే పొటాషియం, సోడియం పరీక్ష చేయించాలి. స్పైరోనోలాక్టోన్ అనే ఇంకో రకం నీళ్ళ మాత్ర వేసుకునే మగవాళ్ళకు రొమ్ము నొప్పి, వాపు వస్తే సిగ్గుపడకుండా చెప్పండి, ఎప్లెరెనోన్ అనే మార్పు ఉంది.

మరి కొబ్బరి నీళ్ళు మంచివే కదా? చేపల పులుసు తినొచ్చా?

స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటివి ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ. ఒంట్లో పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ హెచ్చరికా ఉండకపోవచ్చు. మీ క్రియాటినిన్, పొటాషియం రిపోర్టు చూసి రోజుకో బోండాం తాగొచ్చో లేదో డాక్టరు చెబుతారు. ‘బీపీ ఉప్పు’ అని తక్కువ సోడియంతో అమ్మేదానిలో సోడియం బదులు పొటాషియమే ఉంటుంది, అడగకుండా కొనకండి.

చేపల పులుసు హాయిగా తినండి, ఉప్పు తగ్గించి. పులుపు, కారం, మెంతిపొడి ఉంటే ఉప్పు తక్కువైనా నాలుక పసిగట్టదు, మా ఇంట్లో మామగారికి అలాగే వండుతున్నాను. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు మాత్రం గుండె బలహీనమైనవాళ్ళకు నీరు పట్టిస్తాయి. అప్పుడు నీళ్ళ మాత్ర మోతాదు పెరుగుతుంది, దానితో పాటు దాని ఇబ్బందులూ పెరుగుతాయి.

మెటోప్రొలాల్ మొదలైనప్పటి నుంచి ఒంట్లో సత్తువ లేదు. నాడి కూడా నెమ్మదిగా ఉంది.

తొలి కొన్ని వారాలు నీరసం, చేతులు చల్లబడడం, పీడకలలు ఉంటాయి. చాలావరకు ఒళ్ళు సర్దుకుంటుంది. మణికట్టు దగ్గర నాడిని 60 సెకన్లు లెక్కపెట్టడం నేర్చుకోండి. నిమిషానికి 50 లోపు పడిపోతే అదే రోజు డాక్టరుకు చెప్పాలి, కళ్ళు తిరుగుతుంటే వెంటనే వెళ్ళాలి. ఉబ్బసం ఉన్న సంగతి దాచొద్దు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఈ మాత్ర వల్ల తెలియవు. చెమట మాత్రం పడుతుంది. ఊరికే చెమట పడితే షుగరు చూసుకోండి.

నీరసం మరీ ఎక్కువైతే నన్ను చీటీలన్నీ చూడనివ్వండి. ఒకాయనకు పెద్ద డాక్టరు రాసిన మెటోప్రొలాల్ ఉంది, ఊళ్ళో ఇంకొకరు అదే మందును వేరే కంపెనీ పేరుతో రాశారు. రెండూ మింగుతూ నాడి 44 దగ్గర ఉంటే మా షాపు మెట్ల మీద కూలబడ్డాడు. షీటు మీద పెద్ద అక్షరాల కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడాలి. జన ఔషధి కేంద్రంలో కొనేవాళ్ళకు కూడా ఇదే మాట. రంగు, సైజు మారినా మందు పేరు, మిల్లీగ్రాములు అవే అయితే అదే మందు.

నాలుక కింద బిళ్ళ పెట్టుకుంటే తల పగిలిపోతోంది.

ఛాతీ నొప్పి వచ్చినప్పుడు పెట్టుకునే ఈ నైట్రేట్ బిళ్ళతో రక్తనాళాలు వెడల్పవుతున్నాయని దానర్థం. కూర్చునే పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే పడిపోతారు. ఛాతీ నొప్పి 5 నిమిషాల్లో తగ్గకపోతే 108. తలనొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. రోజూ వేసుకునే నైట్రేట్ మాత్రతో వచ్చే తలనొప్పి కొన్ని రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది.

ఎలా అడగాలో తెలియట్లేదు…

ఈ ప్రశ్న భర్తల తరఫున భార్యలు అడుగుతారు, షాపులో ఎవరూ లేని సమయం చూసుకుని. గుండె మాత్రలు మొదలయ్యాక దాంపత్యంలో పటుత్వం తగ్గిందని. బీటా బ్లాకర్లు, కొన్ని నీళ్ళ మాత్రల వల్ల ఇలా కావచ్చు. షుగరు వల్లా, గుండెపోటు భయం వల్లా కావచ్చు. దీనికోసం మాత్రలు నిశ్శబ్దంగా మానేసినవాళ్ళు నేను అనుకున్న దానికంటే ఎక్కువ. డాక్టరుకు ఇది కొత్త కాదు, మార్చగలిగిన మాత్ర ఉంటే మారుస్తారు. ఒక్క హెచ్చరిక ప్రాణాలకు సంబంధించింది. నాలుక కింద బిళ్ళ గానీ, రోజూ నైట్రేట్ గానీ వాడేవాళ్ళు పటుత్వం కోసం వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. అవి వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే ఆసుపత్రిలో ఆ మాట తప్పకుండా చెప్పాలి. సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, టడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ఇవ్వరు.

ఒక పూట మర్చిపోతే రెండు కలిపి వేసుకోవచ్చా?

వద్దు. గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి మోతాదు వేళ దగ్గర పడితే వదిలేయండి.

రంజాన్ ఉపవాసాలు, ఏకాదశి, మాలధారణ. ఏం చేయాలి?

ఉపవాసం మొదలయ్యే రెండు మూడు వారాల ముందే డాక్టరును కలవండి. రోజుకు ఒకసారి వేసుకునే మందులను సహరీకో ఇఫ్తారుకో మార్చవచ్చు. నీళ్ళ మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్, షుగరు మందులున్నవాళ్ళకు అసలు ఉపవాసం తగునా అనేది అడగాలి. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు చేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

డాక్టరు దగ్గర రెండు నిమిషాలే దొరుకుతాయి. ఏం చెప్పాలి?

కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకెళ్ళండి. ఏ ఇబ్బంది, ఎప్పటి నుంచి, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి వస్తోంది, దానివల్ల ఏ పని చేసుకోలేకపోతున్నారు. “బాగోలేదు సార్” అంటే ఆయనకు ఏమీ తెలియదు. “రామిప్రిల్ మొదలైన మూడో వారం నుంచి రాత్రిళ్ళు దగ్గు, నిద్ర లేదు” అంటే అర నిమిషంలో తేలుతుంది. ఏదైనా మాత్ర మానేసి ఉంటే అది ముందు చెప్పండి. తిడతారని దాస్తే, మందు పనిచేయట్లేదనుకుని మోతాదు పెంచుతారు. నాటుమందు, ఆయుర్వేదం, పసరు వాడుతుంటే అదీ చెప్పాలి. బయటికి వచ్చేముందు ఒక ప్రశ్న అడగండి: “ఈ మాత్ర పడకపోతే నేను ఎవరికి ఫోను చేయాలి?”

మాత్ర వల్ల చెడు జరిగితే ఎక్కడైనా చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. 1800 180 3024 కి పనిదినాల్లో ఉచితంగా ఫోను చేయవచ్చు, రోగి గానీ ఇంట్లోవాళ్ళు గానీ చేయవచ్చు. తెలుగులో ఫారం కూడా ఉంది. మాత్ర వల్లేనని మీరు రుజువు చేయనక్కర్లేదు, అనుమానం చాలు. ఇది చికిత్స చెప్పే నంబరు కాదు, అత్యవసరానికి 108 ఉంది. ఫోను చేసేముందు మాత్రల షీటు చేతిలో పెట్టుకోండి. మందు పేరు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, వేసుకోవడం మొదలుపెట్టిన తేదీ, ఇబ్బంది మొదలైన తేదీ అడుగుతారు. అందుకే బ్యాచ్ నంబరు ఉన్న చివరి ముక్కను చింపి పారేయకుండా, మాత్రలను రెండో అంచు నుంచి తీసుకుంటూ రండి.